మా బిల్డింగు తలుపు

మేముండేది భివండీలో. మా బిల్డింగులో 4 అంతస్తులు, 12 ఇళ్ళు. తెలుగువాళ్ళం 5 ఇళ్ళవాళ్ళం. మిగతావాళ్ళలో కొందరు మరాఠీ, కొందరు ఉర్దూ మాట్లాడతారు. అందరికీ కలిపి మెట్ల కింద ఒకటే పెద్ద తలుపు. ఈ వ్యాసం ఆ తలుపు గురించే.

అది చెక్క తలుపు. వానాకాలం వచ్చిందంటే చాలు, ఉబ్బి చౌకట్టుకు పట్టేసేది. మా సైన్సు టీచరు చెప్పారు, చెక్క తేమను పీల్చుకుంటే అడ్డంగా ఉబ్బుతుందట, పొడవు మాత్రం దాదాపు పెరగదట. అందుకే మా తలుపు పక్కనే బిగిసేది. ప్రతి వానాకాలం వడ్లాయన వచ్చి అంచును కాస్త చిత్రిక పట్టి పోయేవాడు. ఎండాకాలంలో చెక్క ఎండితే ఆ చిత్రిక పట్టినంత సందు పడేది, గడియ అందేది కాదు, ఎలుకలు వచ్చేవి. పైగా పై బందు స్క్రూలు వదులై తలుపు ఒకపక్కకు వాలిపోయింది. కింది మూల నేలకు గీసుకుంటూ కిర్రుమనేది.

మార్చాలని అందరూ అనేవాళ్ళు. ఎవరూ మార్చలేదు. పదిమంది చేతిలో పాము చావదని మా బాపమ్మ ఊరికే అనదు.

పోయిన జూలైలో ఒకరోజు తెల్లవారుజామున పెద్ద వాన. బాపు రాత్రి పాళీకి వెళ్ళాడు. అమ్మ వంటింట్లో ఉంది. బాపమ్మ ఎప్పటిలాగే పాల ప్యాకెట్ కోసం కిందికి దిగింది. తిరిగి వచ్చేసరికి గాలికి తలుపు పడిపోయి బిగిసింది. ఆమెకు 70 ఏళ్ళు దాటాయి. ఎంత నెట్టినా రాలేదు.

దబదబమని తలుపు కొట్టిన చప్పుడు నేను విన్నాను. మేము రెండో అంతస్తులో ఉంటాం. నేను దుప్పటి కప్పుకుని పడుకునే ఉన్నాను. "కింది ఇంటివాళ్ళు తీస్తారులే" అనుకున్నాను. మళ్ళీ కొట్టారు. "ఇంకా ఎవరూ తీయలేదేంటి?" అనుకున్నాను కానీ లేవలేదు. కొంచెంసేపటికి చప్పుడు ఆగిపోయింది. తీసేశారనుకుని మళ్ళీ నిద్రపోయాను.

బాపు డ్యూటీ నుంచి వచ్చేదాకా బాపమ్మ ఆ వానలోనే నిలబడింది. చీరంతా తడిసి వణుకుతూ పైకి వచ్చింది. "ఎంత కొట్టినా ఎవలూ ఇనలేదు బిడ్డా" అంది. నేను తల వంచుకున్నాను. విన్నానని చెప్పలేకపోయాను. ఆమెకు 4 రోజులు జ్వరం వచ్చింది. ఆ 4 రోజులూ నాకు అన్నం సరిగా దిగలేదు.

ఆ ఆదివారమే సొసైటీ మీటింగ్ పెట్టారు. బాపుతో నేనూ వెళ్ళాను. చెక్క తలుపు వద్దు, ఇనుపదే చేయిద్దామన్నారు. 3 కొటేషన్లు తెచ్చారు. అన్నిటికన్నా తక్కువది 18,000 రూపాయలు, అంటే ఇంటికి 1,500. సెక్రటరీ కాకా లెక్క చెప్పారు. ఇంటి నిర్మాణ ఖర్చులో కనీసం 0.75 శాతం చొప్పున ఏటా మరమ్మతు నిధికి కట్టాలని గృహ సంఘాల నియమావళిలో ఉందట. మా దగ్గర చాలామంది కట్టనేలేదు, అందుకే డబ్బాలో డబ్బు లేదు. ఇక గొడవ మొదలైంది. "కింద ఉండేవాళ్ళకే దొంగల భయం, వాళ్ళు ఎక్కువ కట్టాలి" అని పైవాళ్ళు. "ఎక్కేదిగేది మీరే ఎక్కువ" అని కిందివాళ్ళు.

నాకు ఏడుపొచ్చింది. లేచి హిందీలో చెప్పేశాను. "ఆరోజు మా బాపమ్మ తలుపు కొడుతుంటే నేను విన్నాను. ఇంకెవరో తీస్తారనుకుని లేవలేదు." బాపు నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మొదటి అంతస్తు కాకీ మెల్లగా "నేనూ విన్నాను" అంది. కింది ఇంటి అన్న "నేను కూడా" అన్నాడు. మొత్తం 5 ఇళ్ళవాళ్ళు విన్నారు!

ఆ తర్వాత ఎక్కువ తక్కువల మాట రాలేదు. అందరూ సమానంగా ఇచ్చారు. మూడో అంతస్తులో ఒక అత్త దగ్గర ఒకేసారి అంత లేదంటే 3 నెలల్లో ఇమ్మన్నారు.

కొత్త తలుపుకు కింద రేకు, పైన జాలీ. ఎవరు నిలబడ్డారో లోపలినుంచి కనబడుతుంది. బరువును మోయడానికి 3 బందులు పెట్టారు. తుప్పు పట్టకుండా ముందు రెడ్ ఆక్సైడ్ పూసి, తర్వాత రంగు వేశారు. రాత్రి తాళం పడినా లోపలినుంచి తాళంచెవి లేకుండానే తెరుచుకుంటుంది, ఎప్పుడైనా నిప్పంటుకుంటే వెతుక్కోనక్కర్లేదు. నేను ఒకటే అడిగాను, బయట ఒక బెల్లు కావాలని. బాపమ్మ చేతికి అందేంత ఎత్తులో పెట్టారు.

పాత కడప రాయిని మాత్రం తీయలేదు. తలుపు బిగించిన రోజు బాపమ్మ దానికి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టింది. ఆరోజే ఆమెకు నిజం చెప్పాను. ఆ సంగతి బాపు ఎప్పుడో చెప్పాడట. "మల్లెప్పుడన్న సప్పుడైతే లేస్తవా?" అని అడిగింది. లేస్తానన్నాను.

ఇప్పుడు బెల్లు మోగితే ఎవరికోసమో చూడను. ముందు మెట్లు దిగుతాను. ఒక్కోసారి నేను వెళ్ళేసరికే ఇంకెవరో వచ్చి తీసేసి ఉంటారు.