12 సెట్లు అని మాటిచ్చిన, 11 వచ్చినయ్: పలకల లెక్క



గోండి అక్షరాల పలకల కోసం మీరు తలా ఇంత వేసి పంపిన డబ్బుకు లెక్క చెప్పాల్సి ఉంది. 12 సెట్లు ఇస్తానని ఇదే గ్రూపులో మాటిచ్చిన. 11 ఇచ్చిన. ఆ ఒక్కటి ఎట్ల పోయిందో దాచకుండా రాస్తున్న. కాలేజీల్లో, షాపుల్లో లేజర్ మిషన్ మీద పని చేసే మన పిల్లలు ఇప్పుడు ఉన్నారు కాబట్టి వాళ్లకైనా పనికొస్తది.

కొత్తగా చేరినవాళ్లకు ఒక్క ముక్క. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. అంటే ఇప్పుడు ఫాంట్ ఉంది, కంప్యూటర్‌లో టైప్ చేయొచ్చు, మిషన్‌తో చెక్కించొచ్చు. మా ఊరి పిల్లలు చేత్తో పట్టుకుని ఆడుకునేలా 70 మిల్లీమీటర్ల చదరపు పలకలు చేద్దాం అనుకున్నం. పైన గోండి అక్షరం, కింద చిన్నగా తెలుగు అక్షరం. సెట్‌కు 40 పలకలు.

నేను హైదరాబాద్‌లో ఒక నేమ్ బోర్డుల షాపులో పని చేస్తున్న. ఆదివారం రాత్రి మిషన్ వాడుకోమని ఓనర్ ఒప్పుకున్నడు. "ట్యూబ్ పగిలితే మాత్రం నీ జీతంలోంచే" అన్నడు. మిషన్ మంచం 900×600. మీ డబ్బుతో 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ 8×4 షీట్ ఒకటి కొని, డిపోలోనే 890×590 ముక్కలు ఐదు కోయించిన. ఒక్కో ముక్కలో 12 నిలువు వరసలు, వరసకు 8 పలకలు. అంటే 96. ఐదు ముక్కలకు 480, సరిగ్గా 12 సెట్లు. కాగితం మీద ఎంత బాగుందో!

మొదటి రాత్రే ఒక ముక్క నాశనం చేసిన.

చేసిన తప్పులు రెండు. షీట్‌ను కంటి అంచనాతో జాలి మీద పెట్టి, ఎర్ర చుక్క మూలకు తెచ్చి, స్టార్ట్ నొక్కిన. సాఫ్ట్‌వేర్‌లో 'కరెంట్ పొజిషన్' అని ఉంది. అంటే హెడ్ ఎక్కడ ఆగి ఉంటే అక్కడి నుంచే పని మొదలు. పైగా ఆ ఎర్ర చుక్క, అసలు కాల్చే చోటు ఒకటి కాదు, మధ్య 4 మిల్లీమీటర్ల తేడా. నేను చూసుకోలే. ఇక షీట్ కొద్దిగా వంకర. ఈ మూలలో మొదలైన గీత ఆ మూలకు పోయేసరికి షీట్ దాటి జాలి మీద పడ్డది. రెండో సంగతి, ముందు కుడి మూల దిక్కు పలకలు అసలు తెగలే. పైన నల్లగా కాలినయ్, అంతే. 96లో బాగా వచ్చినవి 31.

పొద్దున పాత ఆపరేటర్ భయ్యాకు చెప్తే నవ్విండు. "ఆ మిషన్ మీద మధ్యలో 750×450 దాటి పోవద్దు రా, మూలలు కోయదు. ఎప్పటి నుంచో అంతే" అన్నడు. అందరూ అట్లనే అలవాటు పడ్డరు. మూలకు వెలుతురు అందకపోతే మూలనే వదిలేసుడు మనకు కొత్త కాదనుకోండి. కానీ లెక్క చూడండి. 750×450లో పట్టేది 60 పలకలు. మిగిలిన నాలుగు ముక్కలకు 240, అంటే 6 సెట్లు. ఊర్లో పిల్లలకు 12 అని చెప్పి ఉన్నం.

ఆ వారమంతా షాపు మూసినంక మిషన్ దగ్గరే కూర్చున్న. కాంతి ట్యూబ్‌లోంచి వచ్చి మూడు అద్దాల మీద తిరిగి కిందికి దిగుతది. మొదటి అద్దం వెనక ఎడమ మూలలో, రెండోది అటూ ఇటూ జరిగే పట్టీ మీద, మూడోది హెడ్‌లో. ముందు కుడి మూల అంటే కాంతి అన్నిటికన్నా దూరం నడిచే చోటు. మొదటి అద్దం వెంట్రుకవాసి పక్కకు తిరిగి ఉన్నా దగ్గర్లో తెలవది, దూరంలో కాంతి అద్దం నడుమ కాకుండా అంచుకు తగులుతది. అందుకే అక్కడ బలం ఉండదు. రెండో అద్దం ముందు మాస్కింగ్ టేప్ అంటించి, పట్టీని వెనకకు తెచ్చి ఒక్క చుక్క కాల్చిన. ముందుకు తెచ్చి ఇంకోటి. రెండు చుక్కల మధ్య దాదాపు 5 మిల్లీమీటర్లు! దూరంలో ఉన్నప్పుడే మొదటి అద్దం స్క్రూలు తిప్పుకుంటూ రెండూ ఒకటే చోట పడేదాకా చేసిన. అట్లనే హెడ్‌ను ఎడమకు, కుడికి జరిపి రెండో అద్దం. ఈ కాంతి కంటికి కనపడదు. పవర్ తక్కువ పెట్టి, చేతులు దూరం పెట్టుకుని చేయాలె, తమాషా కాదు.

అద్దాలు అయినంక కూడా ఆ మూల పూర్తిగా తెగలే. మంచం అక్కడ 3 మిల్లీమీటర్లు కుంగి ఉంది, ఫోకస్ తప్పుతుంది. నాలుగు మూలల్లో ఫోకస్ ముక్క పెట్టి చూసి మంచం లేపిన. వానాకాలం కదా, ఎండీఎఫ్ కూడా తేమకు వంగింది. దాన్ని పల్చటి అయస్కాంతాలతో జాలికి నొక్కి పెట్టిన.

ఇంక వంకర సంగతి. ఫోన్లో బాపుకు ఊరికే చెప్పిన. బాపు ఎప్పుడూ కంప్యూటర్ ముట్టనోడు. "మూల నుంచి మూలకు కొలిచినవా బిడ్డా?" అన్నడు. మా ఇల్లు కట్టేటప్పుడు నాలుగు గుంజలు పాతి, తాడుతో అడ్డంగా రెండు దిక్కులా కొలిచేది. రెండు కొలతలు ఒకటైతేనే పునాది తవ్వేది. మిషన్‌తో 720×540 డబ్బా గీయించి ఇనుప టేపుతో కొలిచిన. రెండూ 900 రావాలె. ఒకటి 902, ఇంకోటి 898. పట్టీ ఒక చివర మూడు మిల్లీమీటర్లకు పైగా ముందుకు పోయి ఉంది. కప్లింగ్ వదులు చేసి సరి చేసిన. మూలమట్టం షీట్‌కే కాదు, మిషన్‌కు కూడా ఉండాలె అని అప్పుడు తెలిసింది.

షీట్ ఆనించడానికి రెండు చెక్క పట్టీలు ఎల్ ఆకారంలో మంచానికి బిగించి, వాటి లోపలి అంచును అదే మిషన్‌తో 5 మిల్లీమీటర్ల గీత మీద కోసిన. ఇక ఆ అంచు మిషన్ నడకకు కచ్చితంగా సమానం. 'అబ్సల్యూట్' పెట్టుకుని, షీట్ తెచ్చి ఆ మూలకు నెట్టితే చాలు. ఎర్ర చుక్కతో పనే లేదు.

రెండో ఆదివారం స్టార్ట్ నొక్కితే 'నాట్ ఇనఫ్ ఎక్స్‌టెండ్ స్పేస్' అని వచ్చి ఆగింది. గుండె జారింది. చెక్కేటప్పుడు హెడ్ ప్రతి గీత చివర అక్షరం దాటి పోయి ఆగి, వెనక్కి తిరుగుతది. బండి వేగం మీద ఉంటే బ్రేక్‌కు జాగా కావాలె కదా, అట్ల. వేగం సగం చేస్తే ఆ జాగా నాలుగో వంతు చాలు. చెక్కే వేగం 400 నుంచి 200కు దించి, పవర్ కూడా తగ్గించిన. టైం ఎక్కువ పట్టింది, అంచు దాకా పోయింది. తెల్లారి 4 అయ్యింది. మిషన్ నడుస్తుంటే పక్కన లేకుండా పోవద్దు, ఎండీఎఫ్ అంటుకుంటది. అందుకే నిద్ర లేదు. (సన్‌బోర్డ్ అయితే పెట్టనే పెట్టకండి, అది పీవీసీ, వచ్చే పొగ విషం.)

ఇక లెక్క. నాలుగు ముక్కలు 384. డిపోలో మిగిలిన తుంట తెచ్చి కోస్తే ఇంకో 36. పాడైన ముక్కలోవి 31. ఏ అక్షరాలు ఉన్నయో చూసుకుని మిగతావి కోసిన. మొత్తం 451. 40 చొప్పున 11 సెట్లు, 11 పలకలు మిగిలినయ్. పన్నెండోదానికి 29 తక్కువ.

ఆగస్టు 9న ఊర్లో పిల్లలకు ఇచ్చినం. ఒక పాప తన పేరులో అక్షరాలు ఏరుకుని వరసగా పెట్టి, ఒకటి దొరకలేదని నన్ను చూసింది. ఆ అక్షరం వేరే పిల్లగాడి చేతిలో ఉంది, వాడు ఇవ్వడే!

పన్నెండో సెట్టు నా జీతంతో చేస్తున్న, మళ్లీ ఎవరూ పంపకండి. షీట్ బిల్లు, డిపో చీటీ కింద ఫోటోలో పెట్టిన. ఇప్పుడు షాపులో అందరూ 890 దాకా కోస్తున్నరు.