గుంటుపల్లి గుట్టమీద ఒక దినము



మా పాస్టరుగారి ముందుగదిలో ఒక పాత కాలెండరు బొమ్మకు అద్దము కట్టించి పెట్టారు. కప్పు లేని పెద్ద రాతి దేవాలయము, మొనదేలిన కమానులు, కిటికీలలో అద్దములకు బదులు ఆకాశము, నేలంతా పచ్చగడ్డి. అది వేల్సు దేశములో వై నది ఒడ్డున ఉన్న టింటెర్న్ అను సన్యాసుల మఠము. 1131లో స్థాపించారు. ఇప్పుడు కనబడే గోడలు చాలావరకు 1269 తరువాత లేచినవి. 1536లో ఎనిమిదవ హెన్రీ రాజు ఆజ్ఞతో మఠము మూతబడింది. కప్పుమీది సీసము ఒలిచి పట్టుకుపోయారు. కప్పు పోయాక మిగతా పని వాన చూసుకుంది. 1540 నాటికి ఆ రాజ్యములో సుమారు 800 మఠములకు ఇదే గతి పట్టింది.

"మనకి ఇలాంటివి లేవా తాతగారూ?" అని ఒక సండేస్కూలు పిల్లవాడు నన్నడిగాడు.

మాది మొగల్తూరు. ఎంత లోతు తవ్వినా ఒండ్రుమట్టి, ఇసుక, ఉప్పునీళ్లు. గులకరాయి కావాలన్నా లారీ రావలసిందే. మా వైపు పాతబడినదేదీ శిథిలమై నిలవదు, కరిగిపోతుంది. అయినా పిల్లవాని ప్రశ్న న్యాయమైనదే. అందుకని క్రిస్మసు సెలవులలో ఒక వ్యాను మాట్లాడుకొని, భీమవరము, ఏలూరు మీదుగా గుంటుపల్లి వెళ్లాము. పులిహోర పొట్లాలతో పిల్లలు, పెద్దలు కలిసి పద్దెనిమిది మందిమి.

గుంటుపల్లి గుహలు కామవరపుకోట మండలములో జీలకర్రగూడెము దగ్గర, ఏలూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరములో ఉన్నవి. అది ఒకప్పటి మన పశ్చిమ గోదావరే, 2022 నుండి ఏలూరు జిల్లా. ఏలూరు దాటి మెట్ట ప్రాంతము మొదలవగానే మా పిల్లలు గుట్టలను చూసి కేకలు పెట్టారు. పల్లపువాళ్లకు గుట్ట అంటే అంత సంబరము!

ఇది బౌద్ధ భిక్షువుల మఠము. మొదటి గుహలు క్రీస్తుకు పూర్వము 2వ, 1వ శతాబ్దముల నాటివి, అనగా టింటెర్న్ కంటె వెయ్యేండ్లకు పైగా పాతవి. కొండ చరియలో వరుసగా తొలిచిన గదులు, ఒక్కొక్కటి మనిషి నడుము వాల్చేటంత. వానకాలములో భిక్షువులు ఊళ్లు తిరగకుండా ఒకేచోట ఉండుట వారి నియమము. పైన ఇటుకలతో కట్టిన మందిరముల పునాదులు, చిన్నా పెద్దా స్తూపములు ఎన్నో ఉన్నవి. కట్టినవి కూలినవి, తొలిచినవి నిలిచినవి.

అన్నిటికంటె నన్ను ఆపివేసినది గుండ్రని గుహ. గుర్రపునాడా వంటి కమాను కింద తలవంచి లోపలికి పోవాలి. నడుమ స్తూపము, చుట్టూ ఒక మనిషి నడిచే సందు. ఆ ఊరివారు స్తూపమును ధర్మలింగేశ్వరుడంటారు. తల ఎత్తి చూస్తే కప్పంతా వాసాలు, దూలాలు! తాటాకిల్లు కట్టినట్టే ఉన్నది. కాని అది కర్ర కాదు, రాయి. వాసాలు మోసే బరువేమీ లేదు. పూరి పాకలలో ప్రార్థించిన మనుషులు కొండను తొలిచేటప్పుడు కూడా ఆ పాకనే చెక్కుకున్నారు. గొడుగు ఊచలవలె విచ్చుకున్న ఆ రాతి వాసాలను చూసి మా పిల్లవాడు, "కాలెండరు గుడి కప్పు కూడా ఇలాగే ఉండేదా?" అన్నాడు. వాడు మరీ తప్పనలేదు.

7వ శతాబ్దములో వచ్చిన చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటక ప్రాంతములో చాలా విహారములు పాడుబడి ఉన్నాయని వ్రాశాడు. అక్కడ మూయించిన రాజు లేడు. పెట్టేవారు తగ్గారు, ఉండేవారు తగ్గారు.

స్తంభాల మండపము దగ్గర భోజనాలకు కూర్చున్నాము. దానిని కట్టించినది ఎవరో శాసనము చెబుతుంది. మహామేఘవాహన వంశపు సిరిసద మహారాజు దగ్గర లేఖకుడైన చుళగోమ, అనగా వ్రాతపని చేసే ఉద్యోగి. మెట్లు దానము చేసినవారి మాట వేరొక శాసనములో ఉన్నది. నేను ఇదంతా గొప్పగా చెబుతుండగా మాతో వచ్చిన పెద్దమ్మగారు ఒకరు, "మరి రాళ్లు మోసినోళ్ల పేర్లేవండీ మేష్టారూ?" అన్నారు.

నేను పులిహోర కలుపుకుంటూ ఉండిపోయాను. మా సంఘము కొత్త మందిరము కడుతున్నది. పదివేలు, ఆపైన ఇచ్చినవారి పేర్లు పాలరాతిమీద చెక్కించాలని కమిటీ తీర్మానము. ఆ జాబితా వ్రాసినది నేనే, అది నా చొక్కా జేబులోనే ఉన్నది. పాత పెంకుల మందిరమేమో స్త్రీల సమాజమువారు ఇంటింటా ఎత్తిన పిడికెడు బియ్యముతో లేచినది. ఆ బుట్ట మోసినవారిలో ఈ పెద్దమ్మగారు ఒకరు.

తిరుగు ప్రయాణములో ఆమె పక్కన కూర్చుని, ఆనాటి పేర్లు చెప్పమని అడిగాను. ఉండి దాటేసరికి పదకొండు పేర్లు గుర్తు చేసుకున్నారు. ఇద్దరి ఇంటిపేర్లు ఇంకా తేలవలసి ఉన్నది. వచ్చే ఆదివారము ఆరాధన తరువాత కమిటీ కూర్చుంటుంది.