తలుపు మూయని గురువు

పండితా రమాబాయి తొలి గురువు ఆమె తల్లి లక్ష్మీబాయి. తెల్లవారకముందే కూతుర్ని లేపి, దగ్గరకు తీసుకుని ముద్దు చేస్తూ సంస్కృతం చెప్పేవారు. ఆడవాళ్లకు ఆ చదువేమిటని తోటి పండితులు నిలదీసినా లెక్కచేయకుండా తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే భార్యకు నేర్పిన విద్య అది. పురాణాలు చెబుతూ తీర్థాలు తిరిగే ఆ కుటుంబాన్ని కరవు చితకగొట్టింది. తిరుపతి అడవుల్లో ఆకులు తిని, నీళ్లు తాగి గడిపిన రోజులున్నాయి. 1874లో తల్లిదండ్రులిద్దరూ కన్నుమూశారు.

1878లో కలకత్తా పండితులు బిరుదులిచ్చి గౌరవించిన ఈ విదుషి 1883లో ఇంగ్లండులో బాప్టిజం తీసుకోవడం స్వదేశంలో పెద్ద దుమారమే లేపింది. ఆమెను కదిలించింది వాదప్రతివాదాలు కావు. సమాజం వెలివేసిన స్త్రీలను లండన్‌లోని ఫుల్హామ్‌లో క్రైస్తవ సన్యాసినులు అక్కున చేర్చుకోవడం కళ్లారా చూశారు. అయినా అప్పటికి తనకు దొరికింది మతమే, క్రీస్తు కాదని తర్వాత ఆమే రాసుకున్నారు. దేవుడు తనను ప్రేమిస్తున్నాడన్న నమ్మకం గుండెకు చేరడానికి మరికొన్నేళ్లు పట్టింది. మేధస్సు ఒప్పుకున్నదల్లా మనసు వెంటనే ఒప్పుకోదు కదా!

ఈలోగా పని మాత్రం ఆగలేదు. అమెరికాలో కిండర్‌గార్టెన్ పద్ధతి నేర్చుకుని, 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ తెరిచారు. మరుసటి ఏడాది అది పూనాకు మారింది. మతబోధ ఉండదన్నది ఒప్పందం. తరగతిలో ఆమె దాన్ని పాటించారు. అయితే తన గదిలో కూతురు మనోరమతో ప్రార్థన చేసుకునేటప్పుడు తలుపు మూసేవారు కాదు. అమ్మాయిలు ఒక్కొక్కరే వచ్చి కూర్చోసాగారు. 1893లో గొడవ రేగింది. సలహా మండలి నుంచి రానడే, భండార్కర్ వంటి పెద్దలు తప్పుకున్నారు. చాలామంది సంరక్షకులు పిల్లల్ని తీసుకెళ్లిపోయారు.

వారి కోపంలో న్యాయం లేకపోలేదు. నమ్మి అప్పగించిన పిల్లలకు గురువు తెరిచి ఉంచిన తలుపు కూడా ఒక ఆహ్వానమే. అలాగని, బతకడానికి ఆధారమైన విశ్వాసాన్ని గురువు దొంగసొత్తులా దాచుకోవాలా? రమాబాయి దాచుకోనన్నారు. అందుకు మూల్యమూ చెల్లించారు.

1896-97 కరవులో ఆమె మధ్య పరగణాలకు వెళ్లి వందలమంది ఆడపిల్లల్ని వెంట తెచ్చారు. ఎముకల గూళ్లలా ఉన్న ఆ పిల్లలకు అక్షరాలకన్నా ముందు అన్నం పెట్టాలి, పుళ్లు కడగాలి. పూనా దగ్గర కేడ్గావ్‌లో వెలసిన ముక్తి సదన్‌లో పాఠాలు అలాగే మొదలయ్యాయి. ఒకప్పటి విద్యార్థినులే కొత్తగా వచ్చినవారికి పంతులమ్మలయ్యారు. కళ్లు లేని అమ్మాయిలకు మనోరమ బ్రెయిలీ నేర్పారు. చదువుతోపాటు నేత, వ్యవసాయం, అచ్చుపని కూడా అక్కడ నేర్పేవారు. తెల్లవారుజామున తల్లి ఒడిలో దొరికిన ఆనందాన్ని ఆమె ఇన్ని వందలమందికి పంచారు.

చివరి ఏళ్లన్నీ బైబిల్ అనువాదానికే అంకితం చేశారు. పల్లెటూరి ఆడవాళ్లకు అర్థమయ్యే మరాఠీ కావాలని పట్టుబట్టి, ఆ వయసులో హీబ్రూ, గ్రీకు నేర్చుకున్నారు. 1921లో మనోరమ పోయారు. 1922 ఏప్రిల్ 5న రమాబాయి కూడా కన్నుమూశారు. ఆ బైబిల్ 1924లో ముక్తి సదన్ అచ్చుకూటం నుంచే వెలువడింది. అక్కడ అక్షరాలు కూర్చింది అక్కడే అక్షరాలు దిద్దిన స్త్రీలు.