గంజాయి అంగళ్ళు తెరిచిన ఊళ్ళో

సెలవులకు విజయవాడ వచ్చినప్పుడల్లా చుట్టాల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: "మీ దగ్గర గంజాయి అమ్ముకోవచ్చని చట్టం చేశారటగా, ఇప్పుడందరూ తాగుతున్నారా?" అవుననో కాదనో తేల్చి చెప్పమంటారు. నేను కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ దగ్గర, ఎమర్జెన్సీ వైద్యుణ్ణి. 2012 నవంబరులో గంజాయి అమ్మకాన్ని అనుమతించే 64వ సవరణకు ఓటర్లు ఒప్పుకున్నప్పుడూ, 2014 జనవరి 1న చలిలో అంగళ్ళ ముందు జనం బారులు తీరినప్పుడూ ఇక్కడే ఉన్నాను. అప్పటినుంచి ఆ ప్రశ్నకు జవాబు మా వార్డులో మంచాల మీదే వెతుక్కుంటున్నాను.

అందరూ మొదట భయపడింది బడిపిల్లల గురించి. వాళ్ళ విషయంలో ఆ భయం నిజం కాలేదు. హైస్కూలు పిల్లల్ని పేర్లు అడగకుండా రాష్ట్రం చేయించే సర్వేలో, గడిచిన నెలలో గంజాయి వాడామన్నవాళ్ళు 2013లో 19.7 శాతం, 2019లో 20.6 శాతం. 2021లో అది 13.3కి పడింది. కోవిడ్ రోజుల్లో పిల్లలు ఇల్లు కదలలేదు కాబట్టి అనుకున్నాం. బడులు తెరిచాక, 2023లోనూ 12.8 దగ్గరే ఉంది. సందులో అమ్మేవాడు వయసు అడగడు, అంగట్లో 21 నిండినట్టు కార్డు చూపించాలి. ఇది నాకు నిజంగా ఊరటనిచ్చిన సంగతి.

పెద్దవాళ్ళలో మాత్రం పెరిగింది. 2014లో నెలలో ఒక్కసారైనా వాడినవాళ్ళు 13, 14 శాతం ఉంటే 2019కి 19 శాతమయ్యారు. అందులో కొంత, జనం నోరు విప్పడం వల్ల వచ్చిన పెరుగుదలే. చట్టానికి ముందు "గంజాయి అలవాటుందా?" అని అడిగితే రోగి ముఖం మూసుకుపోయేది. ఇప్పుడు ఏ కంపెనీ సరుకో, ఎన్ని మిల్లీగ్రాములో వాళ్ళే చెబుతారు. వైద్యుడిగా నాకిది పెద్ద మేలు. కానీ అంతా నోరు విప్పడమే అనడానికీ లేదు. కొలరాడో, మినెసోటా కవలల్ని ఏళ్ళ తరబడి గమనించినవాళ్ళు ఒకటి తేల్చారు: ఒకే తల్లి కడుపున పుట్టి ఒకే ఇంట్లో పెరిగినా, అమ్మకానికి అనుమతి ఉన్న రాష్ట్రంలో కాపురముంటున్నవాళ్ళు, లేనిచోట ఉన్న తోడు కంటే దాదాపు 20 శాతం ఎక్కువ సార్లు వాడుతున్నారు. రక్తమూ పెంపకమూ ఒకటే అయినప్పుడు తేడా ఊరిదే అనుకోవాలి.

అయినా "ఎంతమంది" అనే లెక్కకు అందనిది ఒకటుంది. దాన్ని నాకు తెలియజెప్పింది హోటల్లో వంట చేసే ఒక కుర్రాడు. (ఇక్కడ చెప్పే రోగులెవరినీ గుర్తుపట్టడానికి వీల్లేకుండా వివరాలు మార్చాను.) ముప్ఫై నిండలేదు. ఆగని డోకులతో వచ్చాడు. అంతకుముందే వేరేచోట్ల స్కానింగులూ ఎండోస్కోపీలూ అయ్యాయి, ఎక్కడా ఏ తేడా లేదు. పొట్ట మీద చర్మం ఎర్రగా కమిలి ఉంది. ఏమిటని అడిగితే భార్య చెప్పింది: "గంటల తరబడి వేడి వేడి నీళ్ళ కింద నిలబడతాడు డాక్టర్, అప్పుడొక్కటే కాస్త ఉపశమనం."

ఆ వేడినీళ్ళ మాట వినగానే రోగం తెలిసిపోయింది. ఏళ్ళ తరబడి రోజూ గంజాయి వాడేవాళ్ళలో ఇలా వాంతులు పట్టుకుంటాయనీ, వేడి స్నానంతో సర్దుకుంటాయనీ 2004లో దక్షిణ ఆస్ట్రేలియా వైద్యులు మొదట రాశారు. మా వార్డులో ఇప్పుడిది తెలియని నర్సు లేదు. సెలైన్ ఎక్కించి, హాలోపెరిడాల్ ఇచ్చి, మిరపకాయకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్ ఉన్న పూత పొట్ట మీద రాస్తాం. అసలు మందు మానేయడమే.

అతను నమ్మలేదు. "క్యాన్సర్ రోగులకు వాంతులు తగ్గడానికి ఇచ్చేది ఇదేగా?" అన్నాడు. ఆ మాటా నిజమే. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీతోనే తయారైన మాత్ర 1985 నుంచీ ఇక్కడ కీమోథెరపీ రోగులకు ఉంది. అది కొందరికి ఎంత హాయినిస్తుందో నేను చూశాను, దాన్ని కాదనను. కొద్ది మోతాదులో డోకును అణిచేదే, పెద్ద మోతాదులో ఏళ్ళ తరబడి పడితే డోకును రేపుతుందని అతనికి మెల్లగా చెప్పాను. రోజుకెంత అని అడిగితే, లేచింది మొదలు నిద్రపోయేదాకా వేప్ పెన్ను పీలుస్తూనే ఉంటానన్నాడు. అంగళ్ళు రాకముందో? "శనివారం రాత్రి స్నేహితులతో ఒక్క సిగరెట్టు."

ఇతన్ని సర్వే ఎలా లెక్కపెడుతుందో చూడండి. 2012లో అడిగినా "నెలలో వాడాను" అనేవాడే, ఇప్పుడూ అంతే. అప్పుడూ ఒక్కడే, ఇప్పుడూ ఒక్కడే. వారానికో సిగరెట్టు రోజంతా పీల్చే పెన్నుగా మారిందన్న సంగతి ఆ ఒక్క అంకెలో కనిపించదు. దేశం మొత్తం మీద ఇదే జరిగింది. అమెరికాలో రోజూ, దాదాపు రోజూ గంజాయి వాడేవాళ్ళు 1992లో పది లక్షలకు లోపే. 2022కి 1 కోటి 77 లక్షలు. అంత తరచుగా మద్యం తాగేవాళ్ళు ఆ ఏడు 1 కోటి 47 లక్షలే. సరుకు కూడా అప్పటిది కాదు. 1995లో పోలీసులు పట్టుకున్న గంజాయిలో టీహెచ్‌సీ 4 శాతం ఉంటే 2021లో పట్టుకున్నదానిలో 15 శాతం. అంగట్లో దొరికే గంజాయి సారంలోనైతే 60 నుంచి 90. రోజూ ఘాటైన గంజాయి పీల్చేవాళ్ళకు మతి చెడే ప్రమాదం, ముట్టనివాళ్ళతో పోలిస్తే ఐదు రెట్ల దాకా ఉంటుందని యూరప్ నగరాల్లో చేసిన పరిశోధన 2019లో చూపింది. గోడలు తనతో మాట్లాడుతున్నాయని వణికిపోయే కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి సముదాయించేటప్పుడు నాకు గుర్తొచ్చేది ఈ ఘాటే.

ఇక కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఎలా వస్తారో తెనాలి నుంచి మనవణ్ణి చూడ్డానికి వచ్చిన ఒక పెద్దావిడ చూపించింది. మోకాళ్ళ నొప్పులు, పైగా ఇక్కడికొచ్చాక నిద్ర లేదు. కొడుకు అంగట్లో అడిగి, జెల్లీ మిఠాయిల్లాంటి గమ్మీలు తెచ్చాడు. ఒకటి తింది. గంటైనా ఏమీ కాలేదు. తియ్యగా బాగుందని ఇంకో రెండు తింది. కడుపులోంచి కాలేయానికి చేరి మత్తెక్కడానికి రెండు గంటల దాకా పట్టవచ్చని ఆమెకెవరు చెప్పారు? మా దగ్గరకు తెచ్చేసరికి నాడి 130. "నాయనా, గుండె ఆగిపోతోంది, మా ఆయనకి ఫోన్ చెయ్యండి" అంటూ నా చెయ్యి వదల్లేదు. ప్రాణభయం లేదని ఈసీజీ చూపించి, పక్కన కూర్చుని, తిన్నదేమిటో చెప్పాను. "గంజాయా! మా అబ్బాయి నాకు గంజాయి పెట్టాడా?" అని ఏడ్చింది. తెల్లారేసరికి తేరుకుంది. కొడుకు వరండాలో నిలబడి, "ఇక్కడ లీగలే కదా అంకుల్. నిద్రమాత్ర కంటే మంచిదని షాపువాళ్ళే చెప్పారు" అన్నాడు. సిగరెట్టు కూడా తాగని మనిషి. గంజాయి కోసం సందులోకి ఏనాడూ వెళ్ళి ఉండడు. వెలుగున్న అంగడీ, బిళ్ళ మీద ముద్రా, తెల్లకోటు లాంటిది వేసుకున్న అమ్మకందారూ కలిసి అతనికి భరోసా ఇచ్చారు.

డెన్వర్ పక్కనున్న అరోరాలోని ఒక పెద్ద ఆసుపత్రి వైద్యుల లెక్కలో, రాష్ట్రంలో అమ్ముడైన టీహెచ్‌సీలో ఇలాంటి తినుబండారాల వాటా 0.32 శాతమే. గంజాయి వల్ల ఆ ఆసుపత్రి ఎమర్జెన్సీకి వచ్చిన కేసుల్లో మాత్రం వాటిది 10.7 శాతం. ఆరేళ్ళ లోపు పిల్లలు ఇవి తిన్నారని దేశంలోని విష సమాచార కేంద్రాలకు 2017లో 207 ఫోన్లొస్తే 2021లో 3,054 వచ్చాయి. మూడేళ్ళ బిడ్డ ఒళ్ళో తల వాల్చేసి ఎంత పిలిచినా పలకకపోతే ఆ తల్లి ముఖం చూడలేం. ఇంట్లో ఇవి ఉన్నవాళ్ళెవరైనా తాళం వేసిన పెట్టెలోనే ఉంచాలని ప్రతి కుటుంబానికీ చెప్పి పంపుతాను.

మన దేశం సంగతేమిటంటారా, ఒక జవాబు మన చట్టంలోనే ఉంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి పూతనూ చరస్‌నూ నిషేధించి, ఒట్టి ఆకుతో చేసే భంగును వదిలేసింది. 2019లో ఎయిమ్స్ వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం భంగు వాడేవాళ్ళు 2.2 కోట్లు, గంజాయీ చరస్ వాడేవాళ్ళు 1.3 కోట్లు. భంగు వెనక శివరాత్రులూ హోలీలూ ఉన్నాయి కాబట్టి తేడా అంతా చట్టానిదే అనను. కానీ దొరికేదాని వైపే జనం ఎక్కువ వెళతారన్నది మాత్రం కనిపిస్తూనే ఉంది.

జేబులో పొట్లం దొరికిన కుర్రాణ్ణి జైల్లో పెట్టడం వల్ల ఏ రోగీ బాగుపడగా నేను చూడలేదు. కొలరాడోలో పాత నిషేధ చట్టం తిరిగి రావాలని కోరను. నేను కోరేది అమ్మే పద్ధతి మారాలని. కెనడాలోని క్యూబెక్‌లో ప్రభుత్వ దుకాణాలే అమ్ముతాయి, పిల్లల్ని ఆకర్షించే మిఠాయిలుండవు, టీహెచ్‌సీ 30 శాతం మించిన సరుకు పెట్టరు. వెర్మాంట్ కూడా ఘాటుకు హద్దు పెట్టింది. కొలరాడోలో అలాంటి హద్దు లేదు, ఒకరికి రోజుకు 8 గ్రాముల సారం అమ్మవచ్చు. 80 శాతం సారమైతే అందులో 6,400 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉంటుంది. ఇదే రాష్ట్రం గమ్మీల మీద ఒక మోతాదు అని ముద్ర వేయించేది 10 మిల్లీగ్రాములకు. అంటే ఒక మనిషికి, ఒక్క రోజులో, 640 మోతాదులు. శాసనసభ్యులకు ఉత్తరం రాసిన ప్రతిసారీ ఈ లెక్కే మొదటి పేజీలో పెడుతున్నాను, దాన్ని తగ్గించేదాకా పెడతాను.