జపానువారి పాత గడియారములు

గంటకు అరువది నిమిషములని తరగతిలో చెప్పినప్పుడు బాలురెవ్వరును ఆశ్చర్యపడరు. పగలైనను రాత్రియైనను గంట గంటయే గదా! కాని జపాను దేశమున 1872వ సంవత్సరాంతము వరకు వాడుకలోనున్న కాలమానము వేరు. వారు వేకువ వెలుగు మొదలు మునిమాపు వరకు పగటిని ఆరు భాగములుగను, రాత్రిని ఆరు భాగములుగను విభజించిరి. అందుచేత వేసవిలో పగటి భాగమొక్కటి మన రెండున్నర గంటలను మించును. శీతకాలమున రెండు గంటలైనను ఉండదు. మన పెద్దలు లెక్కించిన జాములును పగటితోబాటు పెరిగి తరుగునవే.

1551లో ఫ్రాన్సిస్ జేవియర్ అను మతబోధకుడు యమగుచి ప్రభువగు ఓఉచి యోషితకకు ఐరోపా గడియారమొకటి కానుకగా నిచ్చెను. కాలక్రమమున జపాను పనివారు అట్టి యంత్రములను చేయ నేర్చిరి. అయితే యంత్రమునకు సమముగా నడచుటయే స్వభావము. వారి కాలమో దినదినమును మారుచుండును. వారు తమ కాలమును విడువక యంత్రమునే దానికి లొంగదీసిరి. ఈ పట్టుదలయే నాకు మిక్కిలి నచ్చినది.

ఆ గడియారము పైభాగమున అడ్డకమ్మి యొకటి ఇటునటు ఊగుచుండును. దాని రెండు కొనలయందును చిన్న బరువులు వ్రేలాడును. వానిని వెలుపలికి జరిపిన ఊపు మందగించును. లోపలికి జరిపిన వేగపడును. మొదట ప్రతి ఉదయమును, ప్రతి సాయంకాలమును ఎవరో యొకరు వీనిని జరుపవలసియుండెను. ఎంత శ్రమ! పిదప పగటికొకటి, రాత్రికొకటిగ రెండు కమ్ముల నమర్చి, సంధ్యవేళ యంత్రమే ఒకదానిని విడిచి రెండవదానిని పట్టునట్లు చేసిరి. ఇక పక్షమునకొకమారు బరువులను సరిదిద్దిన చాలును.

గంటలు కొట్టు తీరును వింతయే. మధ్యాహ్నమున తొమ్మిది కొట్టి, క్రమముగా తగ్గుచు నాలుగు వరకు వచ్చి, అర్ధరాత్రమున మరల తొమ్మిది కొట్టును.

1851లో తనక హిసషిగె అను శిల్పి ఈ విద్యకు శిఖరమువంటి గడియారమును ముగించెను. దానికి ఆరు ముఖములు. ఒక్కసారి చుట్టిన ఏడాది నడచునట్లు దానిని నిర్మించెను. ఋతువును బట్టి కాలభాగముల గుర్తులు తమంతట తామే జరుగును.

1873 జనవరి 1వ తేదీన జపాను ప్రభుత్వము సౌరమానమును, సమానములగు గంటలను అమలుపరచెను. చెడిపోని గడియారములును ఆనాటితో పనికిమాలినవాయెను. తనక గడియారము మాత్రము టోక్యోలోని జాతీయ విజ్ఞాన ప్రదర్శనశాలకు చేరినది. 2005 నాటి ఐచి ప్రదర్శనమునకు దాని ప్రతిరూపమును చేయుటకై, ఈ కాలపు యంత్రనిపుణులు దానిని విప్పి, ఒక్కొక్క చక్రమును పరిశీలింపవలసివచ్చెను.