శంషాబాద్ దాకా

రాజమండ్రి స్టేషన్, బుధవారం రాత్రి

అమ్మా,

ఫోన్లో చెబితే నీకు సగమే వినిపిస్తుంది. మిగతా సగం పక్కింటివాళ్ళు కల్పించి చెబుతారు. అందుకే ఇన్‌లాండ్ కవర్లు కొని సంచిలో వేసుకున్నాను. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఆలస్యమట. మీ అల్లుడుగారు పెట్టెలకు కాపలాగా నిలబడ్డారు, ఎంత చెప్పినా కూర్చోరు. నీ మనవరాలు నా పక్కనే బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

రావులపాలెం దాకా ఒకటే వాన. జొన్నాడ వంతెన మీద గౌతమి నిండుగా, ఎర్రగా పారుతోంది. పిల్ల కిటికీ అద్దం జరిపి, జల్లు కొడుతున్నా వంతెన అయ్యేదాకా అలాగే చూసింది. తడిసిన తల తుడుస్తానంటే వద్దనలేదు. నువ్వు చేతిలో పెట్టిన డబ్బు ఖర్చుపెట్టనంటూ పాస్‌పోర్టు కవర్లో దాచుకుంది.

రైలొస్తోంది, ఆపేస్తున్నాను.

కూకట్‌పల్లి, శుక్రవారం సాయంత్రం

అమ్మా,

తమ్ముడింటికి వద్దామని నాంపల్లిలో దిగగానే కారు డ్రైవరుతో రగడ. నాలుగు సంచులున్నాయి, అదనంగా ఇస్తేనే కదులుతానంటాడు. మీ అల్లుడుగారు ముందు అనుకున్న రేటుకు పైసా ఎక్కువ ఇవ్వనని పట్టుబట్టారు. ఇద్దరి గొంతులూ లేచాయి, జనం మూగారు. అప్పుడు పిల్ల ముందుకొచ్చి, “అన్నా, సంచులు మేమే ఎక్కించుకుంటాం, మేమే దించుకుంటాం. నువ్వడిగినదాంట్లో సగం తీసుకో” అంది. అతను నవ్వి డిక్కీ తెరిచాడు. మీ అల్లుడుగారు దారంతా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. నాకు మాత్రం కొండంత ధైర్యం వచ్చింది. పరాయి ఊళ్ళో తన బేరం తను ఆడుకోగలదు.

ఈ పొద్దున చిలుకూరు వెళ్ళాం. అమెరికా వీసా కోసం పిల్ల పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుంది కదా, వచ్చినందుకు నూట ఎనిమిది చేసింది. హుండీ లేని గుడి అది. చుట్టూ తిరిగేవాళ్ళలో ఎటు చూసినా ఇరవై ఏళ్ళ పిల్లలే, వాళ్ళ వెనక తల్లులే. తమ్ముడు చార్మినార్ చూపిస్తానన్నాడు, నాకు మనసు లేదు.

నిన్నంతా తూకాలతోనే సరిపోయింది. 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు, చేతిసంచికి 7 కిలోలు. కుక్కరు, పోపులపెట్టె, కందిపొడి, నువ్వు పెట్టిన మాగాయ, కొబ్బరి లౌజు. పచ్చళ్ళు గాలి తీయించి సీలు వేయించాం. మాంసం పచ్చడి ఆ దేశంలోకి రానివ్వరు కాబట్టి మరదలు చేసిన కోడి పచ్చడి ఇక్కడే ఆగిపోయింది. దాని సంగతి మీ అల్లుడుగారు చూసుకుంటున్నారు.

రాత్రి అందరూ పడుకున్నాక పిల్ల నా పక్కకు జరిగి, “అమ్మా, అక్కడ ఉద్యోగం దొరక్కపోతే అమ్మమ్మ తోట పోతుందా?” అని అడిగింది. ఏడున్నర లక్షలు దాటిన చదువు అప్పుకు తాకట్టు కావాలని బ్యాంకువాళ్ళు అన్నప్పుడు నువ్వే కాగితాలు తెచ్చిచ్చావు. ఆ రోజు నుంచీ చుట్టాలంతా దీని ముందు ఆ తోట మాటే ఎత్తుతున్నారు. అది లెక్కలన్నీ పుస్తకంలో రాసుకుందమ్మా. చదువయ్యాక ఏడాది దాకా వాయిదాలు ఉండవు. క్లాసులు జరిగేటప్పుడు యూనివర్సిటీలోనే, వారానికి 20 గంటలకు మించి పని చెయ్యకూడదు. చదువు పూర్తయ్యాక ఏడాది ఉద్యోగం చేసుకోవచ్చు, కంప్యూటర్ చదువు కాబట్టి ఇంకో రెండేళ్ళు అడగొచ్చు. ఇరవై మూడేళ్ళ పిల్ల గుండెల మీద ఇంత బరువు పెట్టుకుని విమానం ఎక్కుతోంది.

“ఒంట్లో బాగాలేకపోయినా, మనసు బాగాలేకపోయినా టిక్కెట్టు కొనుక్కుని వచ్చెయ్. అప్పు మేం చూసుకుంటాం. తోట కన్నా నువ్వు ఎక్కువ” అన్నాను. నువ్వైనా అదే అంటావని నాకు తెలుసు. అది చాలాసేపు ఏడ్చి, తేలికపడి నిద్రపోయింది.

కూకట్‌పల్లి, ఆదివారం

అమ్మా,

మనవరాలు క్షేమంగా దిగింది. నిన్న తెల్లవారుజామున నాలుగింటి విమానానికి ముందురాత్రే శంషాబాద్ చేరుకున్నాం. టిక్కెట్టు ఉన్నవాళ్ళనే లోపలికి వదులుతారు, కాబట్టి పెళ్ళిలో అప్పగింతల్లా అందరి ఏడుపులూ ఆ గుమ్మం దగ్గరే. ఒక ముసలావిడ కొంగుముడి విప్పి మనవడి తల మీద అక్షింతలు చల్లింది. నువ్వు గుర్తొచ్చి నా వల్ల కాలేదు. మీ అల్లుడుగారు ఒక్క మాటా మాట్లాడలేదు, పెట్టెకు కట్టిన పేరు చీటీనే మళ్ళీ మళ్ళీ బిగించారు. లోపలికి వెళ్ళాక అది ఫోన్ చేసి చెప్పిన మొదటి మాట, పెట్టెలు తూకానికి సరిపోయాయని.

ఇంటికి రాగానే ఆయనకు జ్వరం. మరదలు మిరియాల చారు కాచింది. రెండు ముద్దలు తిని పడుకున్నారు. ఈ పూట కాస్త నయం, పూర్తిగా తగ్గాక బయలుదేరతాం. కంగారుపడకు.

నిన్న అర్ధరాత్రి దాటాక షికాగోలో దిగానని మెసేజ్ పెట్టింది. సీనియర్లు వచ్చి తీసుకెళ్ళారట. మనకు పొద్దున ఏడైతే దానికి ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. నవంబరులో వాళ్ళు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు, అప్పుడు ఏడున్నర అవుతుంది. నువ్వు పూజ ముగించేవేళకు అది తీరిగ్గా ఉంటుంది.

నువ్వొక పని చెయ్యాలి. దాంతో ఫోన్లో ఎవరు మాట్లాడినా ఉద్యోగం ఊసు, అప్పు ఊసు, తోట ఊసు ఎత్తకూడదని అన్నయ్యకూ పిన్నికీ గట్టిగా చెప్పు. నేను చెబితే వినరు, నువ్వు చెబితే వింటారు. నువ్వు మాత్రం రోజూ ఏం తిన్నావు, నిద్ర పట్టిందా అని అడుగు. దాని జవాబు నీకు వినిపించకపోతే పక్కనున్నవాళ్ళు చెబుతారు. తోట కాగితాలు తెచ్చిచ్చింది నువ్వే, ఆ తోట కన్నా అదే మనకు ఎక్కువని నీ నోటితోనే దానికి ఒక్కసారి చెప్పమ్మా.

నీ కూతురు