కప్పులేని కోటలు

డబ్లిన్‌లో ఏడాది మొత్తమ్మీద కురిసే వాన సుమారు 750 మిల్లీమీటర్లు. హైదరాబాదులో అంతకంటే కాస్త ఎక్కువే పడుతుంది. ఈ లెక్క చెప్పే మా ఆవిడని బయల్దేరదీశాను. లెక్క సరైనదే. కాకపోతే హైదరాబాదు వాన నాలుగు నెలల్లో బాకీ మొత్తం తీర్చేసి వెళ్ళిపోతుంది, ఐర్లండు వానది వాయిదాల పద్ధతి. తూర్పు తీరంలో ఏడాదికి 150 రోజులు, పడమటికి పోయేకొద్దీ 225 రోజుల దాకా, రోజుకింత చొప్పున కడుతూనే ఉంటుంది. మేము వెళ్ళింది సెప్టెంబరులో. డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది కారు తీశాడు. మన దేశంలో లాగే బండి ఎడమవైపు నడుస్తుంది కాబట్టి నేను కూడా చెయ్యి వెయ్యగలనని అన్నాను. "పల్లె రోడ్లు చూశాక చెప్పండి బావా" అన్నాడు.

మొదటి మజిలీ ట్రిమ్, డబ్లిన్ నుంచి గంట లోపే. బాయిన్ నది ఒడ్డున పచ్చిక మీద కోట. ఐర్లండులో నార్మన్లు కట్టిన కోటలన్నిట్లోకీ పెద్దది. 1172లో ఇంగ్లండు రాజు రెండో హెన్రీ ఈ మీత్ ప్రాంతాన్ని హ్యూ డి లేసీ అనే ప్రభువుకి రాసిచ్చాడు. ఆ రాసివ్వడానికి ఇక్కడివాళ్ళ సమ్మతి ఏమీ లేదు కాబట్టి గోడలు అంత మందంగా కట్టాల్సివచ్చింది. నడిమి కట్టడానికి నాలుగు మూలలు కాదు, శిలువ ఆకారంలో ఇరవై ముఖాలు. ఎటునుంచి వచ్చినా ఏదో ఒక గోడ మీదనుంచి బాణం తగిలే ఏర్పాటు. డి లేసీ మాత్రం ఈ గోడల చాటున పోలేదు. 1186లో డర్రో అనేచోట ఇంకో కోట పని చూస్తుండగా ఒక ఐరిష్ కుర్రాడు గొడ్డలితో నరికాడు. 'బ్రేవ్‌హార్ట్' సినిమా చూసినవాళ్ళకి ఈ గోడలు కొత్త కాదు. అందులో యార్క్ నగరంగా చూపించింది దీన్నే.

లోపలికి వెళ్ళి తల ఎత్తితే అంతస్తులు లేవు. దూలాలు దూర్చిన బెజ్జాలు వరసగా కనిపిస్తాయి, ఎక్కడో మూడో అంతస్తు ఎత్తున ఒక నిప్పుగూడు గోడకి వేలాడుతూ ఉంటుంది. దాని ముందు కూర్చుని చలికాచుకున్నవాళ్ళ కాళ్ళకింద నేల ఎప్పుడో రాలిపోయింది. ఇప్పుడు పైన వేసిన రక్షణ కప్పు ప్రభుత్వంవారిది, మనం నడిచే వంతెనలూ వాళ్ళవే. అప్పటికి నాకింకా ఈ కప్పు సంగతి పెద్దగా పట్టలేదు.

ఊళ్ళో ఒక స్తంభం మీద వెల్లింగ్టన్ ప్రభువు, అసలు పేరు ఆర్థర్ వెల్లెస్లీ, నిలబడి ఉన్నాడు. ఆయన బాల్యం కొంత ఈ చుట్టుపక్కలే. 1790లో ట్రిమ్ తరఫున ఐరిష్ పార్లమెంటులో కూర్చున్నాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళకి టిప్పు సుల్తాను మీద శ్రీరంగపట్నం యుద్ధంలో మన హైదరాబాదు నిజాం పంపిన సేనలను నడిపింది ఈ ఆర్థర్ వెల్లెస్లీయే. వాటర్లూ అంతా తర్వాత కథ. విగ్రహం కింద నిలబడి ఈ సంగతి చెప్తుంటే మా ఆవిడ గొడుగు సరిచేసుకుంటూ "ఇంతదూరం వచ్చి కూడా నిజామేనా?" అంది.

మధ్యలో కిల్కెనీ కోట చూశాం. బాగుంది, బాగు చేశారు, తివాచీలున్నాయి. బట్లర్ వంశం సుమారు ఆరువందల ఏళ్ళు ఏలుకుని 1967లో 50 పౌండ్లకి ఊరివాళ్ళకి ఇచ్చేసింది. అంతకుమించి నాకు గుర్తుండే పని అక్కడేమీ జరగలేదు. బాగు చేసిన కోటలో తాడు కట్టిన కుర్చీలే చూస్తాం.

క్యాషెల్ వేరు. చదునైన టిప్పరరీ పొలాల మధ్య ఒక్కసారిగా లేచిన సున్నపురాతి గుట్ట, దానిమీద గుంపుగా గోపురాలు. మన్‌స్టర్ రాజుల గద్దె అది. 1101లో రాజే దాన్ని చర్చికి ధారపోశాడు. మేం ఎక్కేసరికి తుంపర కాస్తా జల్లైంది. పెద్ద చర్చి లోపలికి పరుగెత్తాం, తీరా చూస్తే లోపలా వానే! నాలుగు గోడలు, కమానులు, కిటికీలు అన్నీ ఉన్నాయి. కప్పు మాత్రం లేదు. 1647లో ఇంచిక్విన్ ప్రభువు సేనలు ఇక్కడ ఊచకోత కోశాయి. కానీ కప్పు ఊడింది యుద్ధంలో కాదు. ఆ తర్వాత వందేళ్ళకి, ఆర్చిబిషప్పు ఆర్థర్ ప్రైస్ హయాంలో, కింద ఊళ్ళోనే ఇంకో చర్చి చాలనుకుని తీయించేశారు. ఆయన గుర్రబ్బండి గుట్ట ఎక్కలేకపోవడమే కారణమని చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, నాకు నచ్చింది.

పక్కనే కోర్మాక్ చాపెల్ ఉంది, 1134 నాటిది. దానికి కప్పు కూడా రాతిదే, ఎవరూ ఊడదీయలేదు. అయితే ఇసుకరాయి నీళ్ళు పీలుస్తుంది. తొమ్మిదివందల ఏళ్ళు పీల్చిన తడి లోపలి కుడ్యచిత్రాలను తినేస్తుంటే, ఏళ్ళ తరబడి కట్టడం మొత్తానికి పైన తాత్కాలికంగా ఇంకో కప్పు వేసి ఆరబెట్టారు. ఇప్పుడు కొద్దిమందిని మాత్రమే, అదీ గైడు వెంట పంపిస్తారు. మన ఊపిరిలోని తేమ కూడా ఆ బొమ్మలకి బరువేనట. మేం తడిసిన కోట్లతో నిలబడ్డాం. గైడు మమ్మల్ని చూసిన చూపులో మర్యాద ఉంది గానీ ప్రేమ లేదు.

అక్కణ్ణించి పావుగంటలో కేహిర్. స్యూర్ నది నడుమ ఒక బండరాయి లంక, దాని అంచుల వెంటే లేచిన గోడలు. కందకం తవ్వే పని నదే చేసిపెట్టింది. 1599లో ఎసెక్స్ ప్రభువు ఫిరంగులు తెచ్చి మూడు రోజుల్లో పట్టుకున్నాడు. అప్పటి గుండొకటి గోడలో ఇప్పటికీ ఇరుక్కుని ఉంది. వెతుక్కోవాలి, మా బావమరిదికి ముందు కనిపించింది. 1650లో ఇంగ్లండు సేనాని క్రామ్‌వెల్ వస్తే మాత్రం ఒక్క గుండూ పేలకుండానే తలుపులు తీశారు. వీరగాథలు రాసేవాళ్ళకి ఇది రుచించదేమో గానీ కోట నిలబడింది అందుకే. గోడలకి కప్పుంది, ద్వారానికి పైనుంచి దించే ఇనపకమ్మీల తలుపు ఉంది, అది ఇప్పటికీ పనిచేస్తుంది. భోజనశాలలో గోడకి, ఐర్లండులో పది వేల ఏళ్ళకి ముందే అంతరించిన పెద్ద దుప్పి కొమ్ములు. ఆ గదిలో అరగంట ఊరికే కూర్చున్నాం. బయట వాన, లోపల పొడి నేల. పొడి నేల ఎంత పెద్ద భాగ్యమో కప్పు లేని గోడల మధ్య తిరిగొచ్చినవాళ్ళకి బాగా తెలుస్తుంది.

కేహిర్ దాటాక పెద్ద రోడ్డు వదిలేశాం. ముళ్ళకంపల దడులు రెండు పక్కలా కారు అద్దాలని రాసుకుంటూ, కొన్నిచోట్ల రోడ్డు నడుమ గడ్డి మొలిచి, ఎదురుగా ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు గేటు దగ్గరిదాకా వెనక్కి పోవాల్సిందే. ఇలాంటి స్థానిక రోడ్ల మీద వేగ పరిమితిని 2025 ఫిబ్రవరిలో గంటకి 80 కిలోమీటర్ల నుంచి 60కి దించారు. దించకముందు 80లో ఎవరు వెళ్ళేవారో నాకర్థం కాలేదు. ఎదురొచ్చిన ప్రతి మనిషీ స్టీరింగు మీదనుంచి ఒక్క వేలు ఎత్తి పలకరిస్తాడు. మా బావమరిది కూడా ఎత్తుతున్నాడు. "తెలిసినవాళ్ళా?" అని అడిగింది వాళ్ళక్క. "కాదక్కా, ఎత్తకపోతే బాగోదు."

ఈ దారిలోనే కోటలు అసలు రూపంలో కనబడ్డాయి. బోర్డు లేదు, టికెట్టు లేదు. ఆవులు మేస్తున్న పొలం మధ్య నాలుగంతస్తుల రాతి బురుజు, పైన ఐవీ తీగ, లోపల కాకులు. తెలంగాణ పల్లెల్లో గడీలు చూసినవాళ్ళకి వీటి సంగతి వేరే చెప్పక్కర్లేదు. కాపురానికి కాపురం, కాపలాకి కాపలా, చుట్టుపక్కల రైతుకి భయానికి భయం. 1429లో ఆరో హెన్రీ కాలంలో డబ్లిన్ చుట్టుపక్కల జిల్లాల్లో ఇలాంటి బురుజు కట్టుకున్నవాడికి 10 పౌండ్ల సాయం ప్రకటించారు. కనీసం ఇరవై అడుగుల పొడవు, పదహారు అడుగుల వెడల్పు, నలభై అడుగుల ఎత్తు ఉండాలి. సర్కారు సబ్సిడీలో కొలతలు రాయడం అప్పటినుంచీ ఉందన్నమాట. సాయం అందని ప్రాంతాల్లో కూడా ఐరిష్ నాయకులు సొంత ఖర్చుతో వందలకొద్దీ కట్టుకున్నారు.

ఒకచోట రైతుని అడిగితే మాట్లాడకుండా గేటు చూపించాడు. బురదలో దిగి లోపలికి వెళ్ళాం. కింది గది కప్పు రాతి కమాను కాబట్టి మిగిలింది. సెల్‌ఫోను వెలుగు వేస్తే సున్నంలో చాప అల్లిక అచ్చు! కమాను కట్టేటప్పుడు కింద ఊతంగా సన్నటి పుల్లలతో అల్లిన తడిక పెట్టి, దానిమీద గచ్చు పోసి రాళ్ళు పేర్చేవారు. తడిక ఎన్నడో పోయింది, దాని అల్లిక మాత్రం గచ్చులో పుల్ల పుల్లకీ నిలిచింది. ఈ ప్రయాణంలో రాజుల పేర్లు చాలా విన్నాను. ఆ తడిక అల్లినవాడి చేతిపని చూసింది ఇక్కడే.

క్లేర్ జిల్లాలోకి వెళ్ళేసరికి వాన గాలితో కలిసి పక్కనుంచి కొడుతోంది. మోటారువే పక్కన లటూన్ దగ్గర ఒక ముళ్ళచెట్టు చూపించాడు బావమరిది. 1999లో రోడ్డు వేసేటప్పుడు అది దేవకన్యల చెట్టని, కొట్టొద్దని ఎడీ లెనిహన్ అనే కథకుడు పట్టుబడితే దాన్ని వదిలేసి రోడ్డు వేశారు. మా ఆవిడ కారులోంచే దణ్ణం పెట్టింది.

లెమనే కోట రోడ్ల కూడలి పక్కనే ఉంది, ప్రైవేటు పొలంలో. కంచె బయటినుంచి చూడాల్సిందే. ఒక కొసన 1480 ప్రాంతపు బురుజు, సన్నటి చీలికల్లాంటి కిటికీలతో. దానికి అతికించినట్టు 1640ల నాటి నాలుగంతస్తుల భవనం, వరసలు వరసలుగా పెద్ద కిటికీలతో. యుద్ధాలు అయిపోయాయనుకున్నారు కాబోలు కట్టించిన కోనర్ ఓబ్రయన్, అతని భార్య మోరా రువా. 1651లో క్రామ్‌వెల్ సేనతో పోరులో కోనర్‌కి ప్రాణాంతకమైన గాయాలయ్యాయి. ఇంటికి మోసుకొస్తే, చచ్చినవాళ్ళతో ఇక్కడ పని లేదందట ఆవిడ. ప్రాణముందని తెలిశాక పోయేదాకా సేవ చేసిందట. ఆ తర్వాత కొడుకు ఆస్తి జప్తు కాకుండా శత్రుసేనలోని జాన్ కూపర్ అనే అధికారినే పెళ్ళాడింది. ఆస్తి నిలిచింది. పనివాళ్ళని కిటికీల్లోంచి వేలాడదీసేదని, ఈ భర్తని పైనుంచి తోసేసిందని కథలు మాత్రం ఆవిడకే అంటుకున్నాయి. భూమి కాపాడుకున్న మొగవాడి మీద ఇన్ని కథలు పుట్టవు. కొడుకు తరంలో కాపురం డ్రోమోలండుకి మారింది. కోట సింహద్వారం కూడా తర్వాత అక్కడికే తరలిపోయింది. ఇక్కడ ఖాళీ కిటికీల్లోంచి అవతలి మబ్బు కనిపిస్తుంది.

బర్రెన్ రాతినేల మీదుగా సాయంత్రానికి కిన్వారా చేరాం. సముద్రపు పాయ ఒడ్డున డన్‌గ్వేర్ కోట, 1520 నాటిది. మూసి ఉంది. 1924లో డాక్టరూ రచయితా అయిన ఆలివర్ సెయింట్ జాన్ గోగర్టీ దీన్ని కొని బాగుచేయడం మొదలుపెట్టాడు. అంతకు ముందు ఏడాదే అంతర్యుద్ధంలో రెన్‌విల్‌లోని ఆయన ఇంటిని తగలబెట్టారు. 1954లో కొన్న లేడీ ఆంప్‌థిల్ ఆ పని పూర్తిచేసింది. అందుకే దానికి కప్పుంది.

రాత్రి బస చేసిన ఇంట్లో పెద్దావిడ గోధుమరొట్టె, వేడి టీ పెట్టి మా కోట్లు పొయ్యి దగ్గర ఆరేసింది. ఇన్ని కట్టడాలకి కప్పు ఎందుకు లేదని అడిగాను. కోటల సంగతి సరే, నా చిన్నప్పుడు నిక్షేపంలాంటి జమీందారీ భవనాలకే తీసేసేవారు అంది. అప్పట్లో కప్పున్న కట్టడానికే పన్ను. ఉండేవాళ్ళు లేకపోతే, కప్పు ఊడదీసి సీసమూ పెంకులూ అమ్ముకుంటే ఇటు డబ్బు, అటు పన్ను లేదు. మిగతాది వాన చూసుకునేది.

మా ఆవిడకి తర్జుమా చేసి చెప్పాడు వాళ్ళ తమ్ముడు. ఆవిడ టీ తాగుతూ కాసేపు ఆలోచించి, "మన దగ్గర ఆ ఎత్తు పారదురా. ఖాళీ స్థలం పన్నని ఇంకోటి వేసేవాళ్ళు" అంది.